గాలికి ముందేది

నాకు తెలిసిన గాలి మా నాన్న తోలుతిత్తిలో ఉండేది.
నొక్కితే ఇనపముక్కులోంచి ఈల వేసుకుంటూ పోయి
కొలిమిలో బొగ్గుల్ని లేపేది.
గాలికి అంతకు మించి పనుంటుందని
గుణుపురంలో నాకెవరూ చెప్పలేదు,
ఈ కాలేజీ షెడ్డులో వెల్డింగు గన్ను పట్టేదాకా.

చట్రం ఒక్కటే. నేనే అతికాను.
నూట పదకొండు అతుకులు, ఒక్కటీ వంకరపోలేదు.
దానికే చొక్కా తొడగాలన్నదే
ఇద్దరికీ తగువు.

పొట్నూరు దాలినాయుడుది రెక్క పక్షం.
ముక్కు వంచాలి, తోక లేపాలి,
తోక మీద తిరగేసిన విమానం రెక్క, మూడంతస్తులు.
"ఇమానాన్ని లేపే గాలే మాస్టారూ,
బోర్లిస్తే నేలకి అదుముద్ది.
మలుపులో బండి రోడ్డుని కరుచుకోవాల."
ముందు చక్రాలు చిమ్మిన మురికిగాలిని
మెల్లిగా పక్కకి నడిపించాలట,
పెళ్ళిపందిట్లోకి తాగొచ్చిన బావగారిని నడిపించినట్టు.

సుమంతి గొమాంగోది నేల పక్షం.
కొండమీది సవరపల్లె పిల్ల,
తెలుగు మాటల్ని తూకం వేసి పెడుతుంది.
రెక్క గాలికి అడ్డం. అడ్డం పెట్టినది వెనక్కి లాగుతుంది.
బండి కడుపు కింద రెండు సొరంగాలు కట్టండి,
నోరు వెడల్పు, గొంతు ఇరుకు.
"ఇరుకులో గాలి పరిగెత్తుతుంది.
పరిగెత్తే గాలి పలచన.
పలచనైన చోటికి బండి తనే కుంగుతుంది."
నాకు తిత్తి ముక్కు గుర్తొచ్చి తలూపాను.
దాలినాయుడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

మాకు ఫ్యాన్లు పెట్టిన గాలిగది లేదు.
ఇంకా తెరవని బైపాసు రోడ్డుంది.
మా ఆవిడ సగంలో వదిలేసిన స్వెట్టరు విప్పి
ఊలుపోగులు బండి నిండా అతికించాం.
కిరసనాయిల్లో నీలిమందు కలిపి పూశాం.
తీరా వెళితే రోడ్డు మీద చోళ్ళు ఆరబోసి ఉన్నాయి.
ముసలామె చేట ఎత్తి పట్టుకుని
మా వైపు చూడకుండానే తిట్టింది.

ఆగాం.
బండి ఆమెకి గాలివాలున నిలబడింది.
చేటలోంచి గింజ నిటారుగా కాళ్ళ దగ్గర పడుతోంది,
పొట్టు మాత్రం తేలుతూ వచ్చి
రెక్క చివర సుడి తిరిగింది,
రెండు మీసాల్లా, ఒకటి అటు, ఒకటి ఇటు.
కొంత పొట్టు కడుపు కిందికి దూరి
అటువైపు గబుక్కున బయటపడింది.
నెలరోజులుగా అరుచుకుంటున్న ఇద్దరూ
రోడ్డు మీద బోర్లా పడుకుని చూశారు.
సుమంతి నోట్లో పొట్టు పడినా ఉమ్మలేదు.

మొదట రెక్కతో. యాభై ఎనిమిది సెకన్లు.
మలుపులో మేకుకొట్టినట్టు నిలిచింది, తిన్నని రోడ్డులో ఆయాసపడింది.
తరవాత సొరంగాలతో. యాభై ఆరున్నర.
సుమంతి చెయ్యి లేపబోయేంతలో
కల్వర్టు అతుకు దగ్గర కడుపు నేలకి తగిలి
గాలి ఆగి, బండి లేచి, మళ్ళీ గాలి పట్టి, మళ్ళీ కుంగి...
నడిపే కుర్రాడు బిశి పాణిగ్రాహి
దిగీ దిగగానే వాంతి చేసుకుని
"బెంగొ! బెంగొ!" అన్నాడు.
ఒడియాలో కప్ప.
దాలినాయుడు నవ్వలేదు. నీళ్ళసీసా అందించాడు.

పోటీవాళ్ళ కాగితంలో ఒక గడి ఉంది:
మీ సిద్ధాంతమేదో రాయండి.
రాత్రి పదకొండుకీ అది ఖాళీయే.
ఇద్దరూ ఇంటికెళ్ళాక
చట్రానికి రెండు జతల కన్నాలు తొలిచాను,
ఒకటి రెక్క దిగడానికి, ఒకటి నేల లేవడానికి.
అడిగితే డ్రిల్లు జారిందని చెబుతాను.

తెల్లారి షెడ్డు తలుపు తీశాను.
వంశధార మీంచి చల్లగాలి లోపలికొచ్చింది.
నిలబడి ఉన్న బండి మీద
ఊలుపోగులన్నీ ఒక్కసారి లేచి
తోకవైపు నుంచి
ముక్కువైపు తిరిగాయి.